గోనె మార్చాలా, మర ఆడించాలా: ఇంటి వీడియోల ఫార్మాట్ మార్చే పద్ధతి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చాలా తెలుగు ఇళ్లల్లో బీరువా తెరిస్తే నాలుగు కాలాల వీడియోలు ఒకే అరలో ఉంటాయి. అక్క పెళ్లిది వీసీడీ, తమ్ముడి పెళ్లిది డీవీడీ, మేనల్లుడి ఉపనయనం హ్యాండీక్యామ్ కార్డులో, నిరుటి ఠాకురాణి యాత్ర (బరంపురం అమ్మవారి జాతర) ఫోన్లో. అన్నిటినీ పెన్‌డ్రైవ్‌లో వేసి కొత్త టీవీకి గుచ్చితే ఒకటి ఆడుతుంది, ఒకటి మూగగా ఆడుతుంది, మిగతావి అసలు కనిపించవు. అప్పుడు చాలామంది చేతికందిన కన్వర్టర్ దించుకుని అన్నిటినీ ఎంపీ4 చేసేస్తారు. నష్టం అక్కడే మొదలవుతుంది.

వీడియో ఫైల్‌లో రెండు వేర్వేరు సంగతులుంటాయి. ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ, ఎంఓవీ అనేవి గోనె సంచులు. లోపలున్న గింజ వేరు: బొమ్మకు ఎంపెగ్-2, హెచ్.264, హెచ్.265 లాంటివి, శబ్దానికి ఏఏసీ, ఏసీ-3, డీటీఎస్ లాంటివి. వీటిని కోడెక్‌లంటారు. ధాన్యాన్ని ఒక గోనెలోంచి ఇంకో గోనెలోకి ఒంపితే గింజ తరగదు. మర ఆడిస్తే ఊక, తవుడు పోతాయి, బియ్యాన్ని మళ్లీ ధాన్యం చేయలేం. కోడెక్ మార్చడం మర ఆడించడమే. ఆడించిన ప్రతిసారీ బొమ్మలో కొంత పోతుంది, పోయింది తిరిగిరాదు. కాబట్టి ముందు తేల్చుకోవలసింది గోనె మారిస్తే సరిపోతుందా, మర ఆడించక తప్పదా అన్నది.

ముందు ఫైల్ లోపలికి చూడండి

మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకోండి. ఫైల్‌ను దాని మీదికి లాగి, వ్యూ మెనూలో ట్రీ ఎంచుకుంటే అన్నీ కనిపిస్తాయి. అది లేకపోతే వీఎల్‌సీ ప్లేయర్‌లో ఫైల్ ఆడిస్తూ టూల్స్ మెనూలో కోడెక్ ఇన్ఫర్మేషన్ తెరిచినా చాలావరకు తెలుస్తుంది. చూడవలసినవి ఐదు: బొమ్మ కోడెక్, దాని బిట్ డెప్త్ (రంగుల సూక్ష్మత) 8 బిట్లా 10 బిట్లా, స్కాన్ టైప్ ఇంటర్లేస్డా (ఒక్కో బొమ్మ సగం సగం గీతలుగా వచ్చేది) ప్రోగ్రెసివా (పూర్తి బొమ్మగా వచ్చేది), ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని బొమ్మలు) మోడ్ కాన్‌స్టంటా వేరియబులా, శబ్దం కోడెక్. ఈ ఐదూ ఒక కాగితం మీద రాసుకుంటే సగం పని అయినట్టే.

రోగాన్ని బట్టి కారణం ఊహించవచ్చు. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే శబ్దం డీటీఎస్ అయి ఉంటుంది, లేదా స్టూడియో డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాతో తీసిన ఎంఓవీలో ఉండే పీసీఎం అనే కుదించని శబ్దం. శబ్దం వచ్చి తెర నల్లగా ఉంటే బొమ్మ హెచ్.265, అందులోనూ 10 బిట్లది కావచ్చు. పాత టీవీలకు అది అర్థం కాదు. ఫైల్ పేరే కనిపించకపోతే గోనె టీవీకి తెలియనిది, లేదా పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండి టీవీ దాన్ని చదవలేకపోతోంది. ఆడుతూ ఆగుతూ ఉంటే బిట్‌రేట్ (సెకనుకు వచ్చే డేటా) టీవీ శక్తికి మించింది, లేదా పెన్‌డ్రైవ్ నెమ్మదిది. ఇంకో పెన్‌డ్రైవ్‌తో చూసి తేల్చుకోండి.

గోనె మాత్రమే మార్చడం

లోపల హెచ్.264 బొమ్మ, ఏఏసీ శబ్దం ఉండి పైన ఎంకేవీనో ఎంఓవీనో ఉంటే మర అవసరమే లేదు. అవిడెమక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైల్ తెరవండి. ఎడమ పక్కన మూడు గడులుంటాయి. వీడియో అవుట్‌పుట్ కాపీ, ఆడియో అవుట్‌పుట్ కాపీ, అవుట్‌పుట్ ఫార్మాట్ ఎంపీ4 మక్సర్. సేవ్ కొట్టి, పేరు చివర .mp4 అనే తోక మీరే రాయండి. గంట వీడియో కూడా నిమిషాల్లో అయిపోతుంది, ఎందుకంటే ఇక్కడ జరిగేది కాపీయే. నాణ్యత వెంట్రుకవాసి కూడా తగ్గదు.

శబ్దం మాత్రమే టీవీకి సరిపడకపోతే బొమ్మను కాపీలోనే ఉంచి, ఆడియో అవుట్‌పుట్ దగ్గర ఏఏసీ ఎంచుకుని, కాన్ఫిగర్‌లో 192 కిలోబిట్లు పెట్టండి. డీటీఎస్ కోసం మొత్తం వీడియోను మర ఆడించడం దండగ.

కాపీలో పెట్టి ముక్క కోసేటప్పుడు ఒక పరిమితి ఉంది. ఎక్కడ పడితే అక్కడ కోత పడదు. ముక్క మొదలు కీఫ్రేమ్ (పూర్తి బొమ్మగా నిల్వ ఉండే ఫ్రేము) మీదే పడాలి, లేకపోతే మొదటి సెకను రెండు సెకన్లు బొమ్మ చెదిరిపోతుంది. అవిడెమక్స్‌లో పైబాణం, కిందిబాణం నొక్కితే కీఫ్రేమ్‌ల మీదికే దూకుతుంది.

హ్యాండీక్యామ్ ఎంటీఎస్ ఫైళ్లకూ ఇదే పద్ధతి. కెమెరాలు పొడుగు రికార్డింగును 2 జీబీ లేదా 4 జీబీ దగ్గర తెంపి వరస ఫైళ్లుగా రాస్తాయి. వాటిని విడివిడిగా మార్చి తర్వాత అతికితే ప్రతి అతుకు దగ్గరా సన్నాయి ఒక్క క్షణం తెగుతుంది. మొదటిది తెరిచి, ఫైల్ మెనూలో అపెండ్‌తో మిగతావి వరసగా చేర్చి, అప్పుడు ఒకే ఫైల్‌గా సేవ్ చేయండి. టీవీ కోసమైతే ఇది చాలు. ఇంటర్లేస్డ్ వీడియోను టీవీ తనే సరిచేసుకుంటుంది. ఫోన్లోనో కంప్యూటర్లోనో చూస్తే మాత్రం కదిలే అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపించవచ్చు, అప్పుడే మర అవసరం.

పాత డిస్కులు

వీసీడీలో ఎంపెగ్ఏవీ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో డీఏటీ తోకతో ఫైళ్లుంటాయి. వాటిని హార్డ్‌డిస్క్ మీదికి కాపీ చేసి, తోకను ఎంపీజీ అని మారిస్తే వీఎల్‌సీలో మామూలుగా ఆడతాయి. బొమ్మ 352×288, సెకనుకు 25 ఫ్రేములు, ఎంపెగ్-1. దాన్ని 1080కి పెంచి మార్చమని కొన్ని దుకాణాల్లో చెబుతారు. లేని వివరాన్ని ఏ కన్వర్టరూ పుట్టించలేదు, ఫైల్ మాత్రం ఉబ్బుతుంది. ఉన్న కొలతలోనే ఉంచండి, పెద్దది చేసి చూపించడం టీవీ పని.

డీవీడీలో ఉండేది వీడియో టీఎస్ ఫోల్డర్. అందులో 1 జీబీ చొప్పున వీఓబీ ఫైళ్లు కనిపిస్తాయి. అవి వేర్వేరు వీడియోలు కావు, ఒకే ప్రవాహాన్ని తెంపిన ముక్కలు. ఒక్కో వీఓబీని విడిగా మారిస్తే తాళి కట్టే క్షణమే అతుకు దగ్గర పడి పోవచ్చు. ఫోల్డర్ మొత్తం హార్డ్‌డిస్క్‌కు కాపీ చేసుకుని, ఆ ఫోల్డర్‌నే హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రామ్‌లో (కింద వివరంగా ఉంది) తెరవండి. టైటిళ్లు, చాప్టర్లు వాటంతటవే వస్తాయి. డిస్క్ నుంచి నేరుగా మార్చకండి. డ్రైవ్ గంటలకొద్దీ తిరిగి వేడెక్కుతుంది, మధ్యలో ఒక గీత తగిలితే చేసిన పని పోతుంది.

సముద్రం దగ్గరున్న బరంపురం, గోపాల్‌పూర్, ఇచ్ఛాపురం గాలిలో తేమ ఎక్కువ, డిస్కుల మీద బూజు మచ్చలు పడతాయి. తుడవడానికి మెత్తటి నూలు గుడ్డ, మామూలు నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. మధ్య రంధ్రం నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత డేటా వరస వెంటే సాగుతుంది, దాన్ని డ్రైవ్ దాటలేదు. సీడీకి అసలు ప్రాణం లేబుల్ వైపే ఉంది. డేటా పొర ఆ పైపూత కిందే ఉంటుంది, అక్కడ బాల్‌పెన్‌తో రాసినా, అంటించిన కాగితం లేబుల్ పీకినా పొర లేచిపోతుంది. డీవీడీలో పొర మధ్యలో ఉంటుంది కాబట్టి కొంత నయం.

కాపీ మధ్యలో సైక్లిక్ రిడండెన్సీ ఎర్రర్ (డిస్క్ చదవలేకపోయానని చెప్పేది) వస్తే డిస్క్ చచ్చిపోయిందనుకోవద్దు. ఒక డ్రైవ్ చదవనిది ఇంకోటి చదవడం మామూలే, రెండు మూడు డ్రైవులు ప్రయత్నించండి. అప్పటికీ కాకపోతే డీడీరెస్క్యూ లాంటి ప్రోగ్రామ్ వాడాలి. అది చదవగలిగిన చోటల్లా ముందు చదివేసి, చెడ్డ చోట్లకు తర్వాత మళ్లీ మళ్లీ వస్తుంది.

స్టూడియో దగ్గర మినీ డీవీ టేపులే మిగిలి ఉంటే వాటిని ఫైర్‌వైర్ తీగతో దించుకోవాలి, గంట టేపుకు గంట సమయం, సుమారు 13 జీబీ పడుతుంది. పసుపు, ఎరుపు, తెలుపు తీగలతో దించితే నాణ్యత అక్కడే పడిపోతుంది.

మర ఆడించక తప్పనప్పుడు: హ్యాండ్‌బ్రేక్

డీవీడీ, వీసీడీ, ఫోన్ హెచ్.265 ఈ దారికి వస్తాయి. హ్యాండ్‌బ్రేక్ ఉచితం, దాని అసలు సైట్ నుంచే దించుకోండి. అదే పేరుతో ప్రకటనలు అంటగట్టే నకిలీలు చాలా ఉన్నాయి. విండోస్‌లో మొదటిసారి డాట్‌నెట్ డెస్క్‌టాప్ రన్‌టైమ్ అడగవచ్చు, పెట్టండి. ఒకటి గుర్తుంచుకోవాలి. ఇది బొమ్మను ఎప్పుడూ మర ఆడిస్తుంది, కాపీ చేయడం దీనికి రాదు. గోనె మార్పుకు దీన్ని వాడకూడదు.

ఫైల్ తెరిచాక ప్రీసెట్ (ముందే కూర్చిన సెట్టింగులు) ఎంచుకోండి. డీవీడీకి ఫాస్ట్ 576పీ25, హెచ్‌డీకి ఫాస్ట్ 1080పీ30. రెండోదాని పేరులోని 30 పైహద్దు మాత్రమే, 25 ఫ్రేముల వీడియో 25లోనే ఉంటుంది. సమ్మరీలో ఫార్మాట్ ఎంపీ4.

వీడియో ట్యాబ్‌లో ఎన్‌కోడర్ (కొత్త కోడెక్‌లోకి మార్చేది) హెచ్.264, ఎక్స్264 అని రాసి ఉన్నది. టీవీలు, పాత ఫోన్లు, ఊళ్లో అత్తగారి ల్యాప్‌టాప్ అన్నీ ఆడించేది అదే. హెచ్.265 ఫైల్ చిన్నదవుతుంది గాని ఎక్కడ ఆడదో చెప్పలేం, నలుగురికి పంచే పెళ్లి వీడియోకు వద్దు. ఫ్రేమ్‌రేట్ సేమ్ యాజ్ సోర్స్, పక్కన కాన్‌స్టంట్. ప్రొఫైల్ హై, లెవెల్ 4.0.

నాణ్యతకు కాన్‌స్టంట్ క్వాలిటీ అనే జారుడు కడ్డీ ఉంటుంది, దాని సంఖ్యను ఆర్‌ఎఫ్ అంటారు. సంఖ్య తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైల్ పెరుగుతుంది. సుమారుగా 6 తగ్గిస్తే ఫైల్ రెట్టింపవుతుంది. డీవీడీ, వీసీడీలకు 18 నుంచి 22, 720కి 19 నుంచి 23, 1080కి 20 నుంచి 24, 4కేకి 22 నుంచి 28. ఇంటి వీడియోలకు ఈ హద్దుల్లో తక్కువ సంఖ్య వైపే ఉండటం మంచిది. పెన్‌డ్రైవ్ ఇంకోటి కొనవచ్చు, అమ్మమ్మ ముఖంలో పోయిన వివరాన్ని కొనలేం. ఎన్‌కోడర్ ప్రీసెట్ మీడియం లేదా స్లో. గ్రాఫిక్స్ కార్డుతో నడిచే ఎన్‌వీఈఎన్‌సీ, క్విక్‌సింక్ చాలా వేగం, కానీ అదే నాణ్యతకు ఫైల్ పెద్దదవుతుంది. తొందర పని ఉంటేనే.

ఆడియో ట్యాబ్‌లో ఏఏసీ, స్టీరియో, 160 లేదా 192. పాత పెళ్లి వీడియోల్లో మేళం ఎడమ స్పీకర్లోనే వినిపించడం తరచూ కనిపించే లోపం, మైకు తీగ ఒక చానెల్‌కే తగిలించి ఉంటారు. మిక్స్‌డౌన్‌లో మోనో, లెఫ్ట్ ఓన్లీ ఎంచుకుంటే రెండు వైపులా సమానంగా వస్తుంది.

డీవీడీలకు ఫిల్టర్స్, డైమెన్షన్స్ రెండూ శ్రద్ధగా చూడాలి. ఇక్కడి స్టూడియో డీవీడీలు పాల్ అనే టీవీ పద్ధతివి, 720×576, చాలావరకు ఇంటర్లేస్డ్. ఫిల్టర్స్‌లో డీఇంటర్లేస్ దగ్గర బీడబ్ల్యూడిఫ్ లేదా యాడిఫ్ పెట్టండి. దాని పక్కనున్న ప్రీసెట్‌ను బాబ్‌గా మార్చి, ఫ్రేమ్‌రేట్‌ను చేత్తో 50 చేస్తే ఊరేగింపులు, డప్పు ఆటలు సాఫీగా కదులుతాయి. డిఫాల్ట్‌లో వదిలేస్తే 25 ఫ్రేములే, కాస్త కుదుపుగా ఉంటుంది.

మార్చాక మనుషులు లావుగానో సన్నగానో కనిపిస్తే కారణం 720×576లోని చుక్కలు చతురస్రాలు కాకపోవడం. 4:3 వీడియో 768×576గా, 16:9 వీడియో 1024×576గా కనిపించాలి. ఆ వెడల్పును సరిచేసే అనామార్ఫిక్ ఆటోలో ఉంటే చాలా చోట్ల సరిగానే వస్తుంది. కొన్ని టీవీలు ఫైల్‌లోని ఆ వెడల్పు గుర్తును పట్టించుకోవు. అప్పుడు అనామార్ఫిక్ నన్, అలౌ అప్‌స్కేలింగ్ టిక్ పెట్టి, 4:3కు వెడల్పు 768 అని మీరే రాయండి.

రాత్రి జాతరల వీడియోలు

రెండేళ్లకోసారి బరంపురంలో జరిగే ఠాకురాణి యాత్ర, ఊళ్లలో అమ్మవారి పండుగలు, ఒడిశా జానపద ఆట దండనాట, అన్నీ రాత్రి వెలుతురులోనే ఎక్కువ. ఇవి కన్వర్టర్‌ను బాగా కష్టపెడతాయి. చీకట్లో కెమెరా పుట్టించే చుక్కల మసక ప్రతి ఫ్రేములో మారిపోతుంది. ఎన్‌కోడర్ దాన్ని నిజమైన కదలికే అనుకుని ఒక్కో చుక్కకూ బిట్లు ఖర్చుపెడుతుంది. పైన రంగు బల్బులు, సాంబ్రాణి పొగ, జనం. పగటి పెళ్లికి 2 జీబీ అయిన ఆర్‌ఎఫ్ 20, ఇక్కడ 4 జీబీ దాటినా ఆశ్చర్యం లేదు. అది తప్పు కాదు.

ఫైల్ తగ్గాలంటే ఆర్‌ఎఫ్ పెంచేకంటే ముందు ఫిల్టర్స్‌లో ఆ మసకను తగ్గించే డీనాయిజ్ చూడండి. ఎన్‌ఎల్‌మీన్స్, అల్ట్రాలైట్ లేదా లైట్. చాలా నెమ్మదిగా నడుస్తుంది, రాత్రంతా పట్టవచ్చు. మీడియం దాటితే ముఖాలు మైనపు బొమ్మల్లా అవుతాయి, పులివేషం ఒంటి మీది చారలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. వేషం కట్టిన మనిషి గంటలకొద్దీ కూర్చుని వేయించుకున్న రంగులవి, వాటిని ఫైల్ సైజు కోసం పోగొట్టకండి.

క్రాపింగ్‌ను ఆటోమేటిక్‌లో వదలవద్దు. హ్యాండ్‌బ్రేక్ కొన్ని ఫ్రేములు చూసి నల్లటి అంచులు ఎంతో ఊహిస్తుంది, చీకటి ఆకాశాన్ని కూడా అంచే అనుకుని కోసేయగలదు. నన్ పెట్టండి.

ఫోన్ వీడియోలు

2017 నుంచి ఐఫోన్లు హెచ్.265లో తీస్తున్నాయి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఆ ఎంపిక ఉంది. ముందుముందు తీసేవాటికి ఐఫోన్ కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్ దగ్గర మోస్ట్ కంపాటిబుల్ పెడితే మార్చే పనే ఉండదు. ఫోన్లు ఫ్రేమ్‌రేటును వెలుతురును బట్టి పెంచి తగ్గిస్తాయి. అలాంటి ఫైల్‌ను నేరుగా ఎడిటింగ్‌లో పెడితే మొదట్లో సరిగా ఉండి, అరగంట దాటేసరికి పెదవికీ మాటకూ పొత్తు కుదరదు. హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ ఎంచుకుని 30 పెట్టి ఒకసారి మార్చి, అప్పుడు ఎడిట్ చేయండి. మార్చాక రంగులు పాలిపోతే మూలం హెచ్‌డీఆర్‌లో (వెలుగు, రంగులు ఎక్కువ విస్తృతిలో పట్టే పద్ధతి) ఉందన్నమాట. ఫిల్టర్స్‌లో కలర్‌స్పేస్ దగ్గర బీటీ.709 ఎంచుకుని చూడండి.

వాట్సాప్‌లో వచ్చిన వీడియోను మార్చి బాగుచేయాలని చూడకండి. అది అప్పటికే గట్టిగా మర ఆడింది. తీసినవాళ్లను అడిగి డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

తెలుగు, ఒడియా అక్షరాలు

వియ్యంకులు ఒడియావాళ్లయితే మంత్రాల అర్థానికో, పెద్దల మాటలకో రెండు భాషల సబ్‌టైటిళ్లు పెట్టాలనిపిస్తుంది. చాలా టీవీల్లో మన అక్షరాలకు ఫాంటు ఉండదు, ఎస్‌ఆర్‌టీ అనే సబ్‌టైటిల్ ఫైల్ పక్కన పెడితే చదరపు గడులే కనిపిస్తాయి. ఫైల్‌ను యూటీఎఫ్-8లో సేవ్ చేసి, సబ్‌టైటిల్స్ ట్యాబ్‌లో ఇంపోర్ట్ చేసి, బర్న్ ఇన్ టిక్ పెట్టండి, అక్షరాలు బొమ్మలోనే కలిసిపోతాయి. ఒకసారి కలిస్తే తీయలేరు, కాబట్టి సబ్‌టైటిళ్లు లేని ప్రతి కూడా ఒకటి చేసుకోండి. ఒత్తులు, ఒడియా జుక్తాక్షరాలు విడిపోయి పడుతున్నాయేమో ఒక నిమిషం ముక్కలో ముందే చూడాలి. వీడియో ఫైల్ పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, చిన్నదిగా. కొన్ని టీవీలు మన లిపి పేర్లున్న ఫైల్‌ను తెరవవు.

నిమిషం పరీక్ష, కరెంటు, పెన్‌డ్రైవ్

మూడు గంటల వీడియోను ఒకేసారి మొదలుపెట్టకండి. హ్యాండ్‌బ్రేక్‌లో రేంజ్ దగ్గర సెకండ్స్ ఎంచుకుని, కదలిక ఎక్కువున్న ఒక నిమిషం మార్చి, చూడబోయే టీవీలోనే ఆడించండి. కంప్యూటర్లో బాగుందని టీవీలో బాగుండాలని లేదు.

కరెంటు పోయే ఊళ్లలో డెస్క్‌టాప్ మీద పని అయితే ఫార్మాట్ ఎంకేవీ పెట్టండి. ఎంపీ4 తన సూచికను చివర్లో రాస్తుంది, 95 శాతం దగ్గర కరెంటు పోతే ఆ ఫైల్ తెరుచుకోదు. ఎంకేవీ ఆగిన చోటిదాకా ఆడుతుంది, ఎక్కడ ఆగిందో చూసి మిగతా భాగాన్ని రేంజ్‌తో మార్చుకోవచ్చు. పూర్తయ్యాక అవిడెమక్స్‌లో కాపీ పద్ధతిలో ఎంపీ4 గోనెలోకి ఒంపేయండి. వేసవిలో ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి నడపవద్దు. వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది, రెండు గంటల పని నాలుగవుతుంది.

సైజు లెక్క తేలిక. సెకనుకు 5 మెగాబిట్లయితే గంటకు 2.25 జీబీ, మూడు గంటల పెళ్లికి 6.75 జీబీ. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, ఎంత ఖాళీ ఉన్నా ఫైల్ మరీ పెద్దదని కాపీ చేయనివ్వదు. టీవీ ఎక్స్‌ఫ్యాట్ చదువుతుందేమో చూడండి. చదవకపోతే చాప్టర్ల ప్రకారం, అంటే ఎదురుకోలు ఒకటి, లగ్నం ఒకటి, అప్పగింతలు ఒకటిగా విడగొట్టండి.

మార్చిన ఫైల్‌ను మొదట్లో, మధ్యలో, చివరి రెండు నిమిషాల్లో ఆడించి, మాటకూ పెదవికీ పొత్తు చూడండి. నిడివి పాతదాంతో సెకను తేడాలో ఉండాలి. అంతా సరిపోయినా మూల ఫైళ్లు చెరపవద్దు. డిస్కుల నుంచి తీసిన వీడియో టీఎస్ ఫోల్డర్లు, ఎంపీజీలు, ఎంటీఎస్‌లు రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టి, రెండోదాన్ని వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. నేల ఇంట్లో కింది అరలో ఉన్న డిస్కులకు వరద నీళ్లు ముందుగా చేరతాయి. మీ ఇంట్లో ఉన్నదాన్ని మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, పై అరలో ఉంచండి. ఆరు నెలలకోసారి తగిలించి ఒక వీడియో ఆడించి చూడండి.